ఇతిహాస సంతానకథలలో సంఖ్యానిర్ణయం: పిండబదిలీ సందర్భంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సంతానసాఫల్య చికిత్సలో దంపతులకు ఎదురయ్యే కీలక ప్రశ్నలలో ఒకటి, గర్భాశయంలోకి ఒకేసారి ఎన్ని పిండాలను ప్రవేశపెట్టాలన్నది. రామాయణ భారతాలలోని సగర, సోమక, లోపాముద్ర, గాంధారి, కుంతి కథలలో సంతానసంఖ్యను గురించిన దీర్ఘమైన ఆలోచన ఉంది. ఈ కథలను ప్రాచీన సాంకేతికతకు సాక్ష్యాలుగా చదివే ధోరణి ఆ ఆలోచనను మరుగుపరుస్తోంది. సంఖ్యను ఎవరు నిర్ణయించారు, దాని భారం ఎవరి శరీరంపై పడింది, నిర్ణయానికి ప్రేరణ ఏమిటి అనే మూడు ప్రశ్నల ఆధారంగా ఈ కథలను పరిశీలించి, వర్తమాన పిండబదిలీ చర్చతో వాటికి గల సామ్యాన్నీ భేదాన్నీ నిర్ధారించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఇతిహాసం, సంతానసంఖ్య, పిండబదిలీ, గాంధారి, కుంతి, సోమకుడు, మాతృశరీరం.

1. ఉపోద్ఘాతం

2019 జనవరిలో జలంధర్ సమీపంలో జరిగిన 106వ భారత విజ్ఞాన కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి కౌరవుల జననాన్ని టెస్ట్‌ట్యూబ్ విధానంతో పోల్చి, అది ప్రాచీన భారతీయ విజ్ఞానానికి నిదర్శనమని ప్రసంగించారు. శాస్త్రవేత్తల నుంచి దానికి తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. ఆ వివాదం కథ విజ్ఞానమా, కాదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. కథ ఏం చెబుతోందన్న సాహిత్యప్రశ్న చర్చకు రాలేదు.

గాంధారి కథలో ఘృతభాండాలు ఎంత ముఖ్యమో 'నూరు' అన్న సంఖ్య అంతకంటె ముఖ్యం. నూరుగురు ఎందుకు కావాలి? ఎవరికి కావాలి? నూరుగురు కలిగాక ఏమైంది? ఇతిహాసం అడిగిన ప్రశ్నలు ఇవి. సంతానసాఫల్య కేంద్రంలో వైద్యుని ఎదుట కూర్చున్న దంపతులకు నేడు ఎదురవుతున్న ప్రశ్నలూ వీటికి దూరమైనవి కావు. అయితే పోలిక ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో స్పష్టం చేసుకోకపోతే ఈ పఠనం కూడా పై ప్రసంగం చేసిన పొరపాటే చేస్తుంది. కథాంశాలకు వాల్మీకి రామాయణం, వ్యాసభారతం ఇక్కడ ఆధారాలు. ఆదిపర్వాన్నీ అరణ్యపర్వ పూర్వభాగాన్నీ తెనిగించిన నన్నయ శైలీవిశేషాలు ఈ వ్యాస పరిధిలోకి రావు.

2. పిండబదిలీలో సంఖ్య: చారిత్రక, వైద్య నేపథ్యం

1978 జూలై 25న ఇంగ్లండులో జన్మించిన తొలి ఐ.వి.ఎఫ్. శిశువు లూయీ బ్రౌన్ ఒకే పిండం బదిలీ వల్ల కలిగిన బిడ్డ. అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలితంగా భారతదేశంలో తొలి శిశువు జన్మించింది. తరువాతి కాలంలో అండాశయాలను మందులతో ప్రేరేపించి ఒకే విడతలో అనేక అండాలను సేకరించడం సాధారణమైంది. పిండాలు ఎక్కువైనకొద్దీ ఒకేసారి రెండు, మూడు, అంతకు మించి ప్రవేశపెట్టే అలవాటు పెరిగింది. వాటిలో ఒక్కటైనా నిలుస్తుందన్న ఆశ దానికి మూలం. ఒకటికి మించి నిలిచినప్పుడు బహుళగర్భం ఏర్పడింది. నెలలు నిండని కాన్పు, తక్కువ బరువుతో శిశుజననం, తల్లికి రక్తపోటు, గర్భకాల మధుమేహం వంటి ప్రమాదాలు బహుళగర్భంలో అధికం.

రెండు పిండాలు పెడితే ఫలితం రెట్టింపవుతుందన్నది సామాన్యంగా కలిగే భావన. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌లలో 36 ఏళ్లలోపు మహిళలపై జరిగి 2004లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఈ భావనను పరీక్షించింది. ఒక వర్గానికి ఒకేసారి రెండు పిండాలను బదిలీ చేశారు. మరో వర్గానికి ముందు ఒక పిండాన్ని, అది ఫలించకపోతే శీతలీకరించి దాచిన మరొక పిండాన్ని బదిలీ చేశారు. సజీవ శిశుజననం మొదటి వర్గంలో 42.9 శాతం, రెండవ వర్గంలో 38.8 శాతం. బహుళజననాలు మొదటి వర్గంలో 33.1 శాతం కాగా, రెండవ వర్గంలో 0.8 శాతం మాత్రమే. పిండాల సంఖ్య రెండు వర్గాలలోనూ రెండే. తేడా కాలంలో ఉంది. ఒక వర్గంలో అవి ఏకకాలంలో, మరో వర్గంలో ఒకదాని తరువాత ఒకటిగా ప్రవేశించాయి.

అయితే ఈ ఫలితం అందరికీ ఒకేలా వర్తించదు. అమెరికా పునరుత్పత్తి వైద్యసంఘం 2021 మార్గదర్శకాలు 35 ఏళ్లలోపు మహిళలకు ఒకే పిండాన్ని గట్టిగా సూచిస్తూనే, వయస్సు పెరిగినకొద్దీ గరిష్ఠ పరిమితిని సడలించాయి. జన్యుపరీక్షలో క్రోమోజోములు సరిగా ఉన్నట్లు తేలిన పిండమైతే ఏ వయస్సులోనైనా ఒకటే బదిలీ చేయాలన్నాయి. కాబట్టి సంఖ్యానిర్ణయం వయస్సు, పిండం నాణ్యత, పూర్వవైఫల్యాలు, మిగిలిన కాలం అనే అంశాలపై ఆధారపడిన వివేచన. ఒక్క సూత్రంతో తేలేది కాదు.

3. ఎంపిక: కేశిని, సుమతి, లోపాముద్ర

సంఖ్యను ఎంచుకునే అవకాశాన్ని నేరుగా స్త్రీలకిచ్చిన కథ బాలకాండలో ఉంది. సంతానం లేని సగరుడు ఇద్దరు భార్యలతో తపస్సు చేయగా భృగుమహర్షి వరమిస్తాడు. ఒకరికి వంశాన్ని నిలిపే ఒక్క కుమారుడు, మరొకరికి అరవైవేలమంది. ఎవరికి ఏది అన్నది వారి ఇష్టానికే వదిలేస్తాడు. కేశిని ఒక్కరిని కోరుతుంది. సుమతి అరవైవేలమందిని కోరుతుంది. అరవైవేలమందీ కపిలుని కోపాగ్నికి ఒక్కసారిగా భస్మమయ్యారు. వంశం కేశిని శాఖలో నిలిచింది.

దీనిని 'ఒకటే మేలు' అన్న నీతికథగా కుదించడం తొందరపాటవుతుంది. కేశిని కోరి కన్న ఆ ఒక్క కొడుకు అసమంజుడు పసిపిల్లలను సరయువులో తోసి వినోదించిన క్రూరుడు. తండ్రే అతనిని వెళ్లగొట్టాడు. వంశాన్ని నిలిపినవాడు అసమంజుని కొడుకు అంశుమంతుడు. సంఖ్యను ఎంచుకోవచ్చు, వచ్చే బిడ్డను ఎంచుకోలేరు అన్నది ఈ కథలోని సూక్ష్మం. ప్రయోగశాలలో పిండాలకు శ్రేణులు కేటాయించి ఉత్తమమైనదాన్ని ఎన్నుకునే నేటి పద్ధతికీ ఈ మాట వర్తిస్తుంది. శ్రేణి సూచించేది గర్భం నిలిచే అవకాశాన్ని మాత్రమే.

అరణ్యపర్వంలో అగస్త్యుడు లోపాముద్ర ముందుంచిన ప్రత్యామ్నాయాలు మరింత ఆసక్తికరమైనవి. వేయిమందా, పదిమందికి సాటివచ్చే నూరుగురా, నూరుగురికి సాటివచ్చే పదిమందా, వేయిమందిని మించే ఒక్కడా అని అతడు అడుగుతాడు. లోపాముద్ర ఒక్కడినే కోరుతుంది. ఇక్కడ సంఖ్య తగ్గినకొద్దీ గుణం పెరుగుతుందన్న లెక్క ఉంది. ఆ ఒక్కడు ఏడేళ్లు తల్లిగర్భంలో పెరిగాడని కథ చెబుతుంది. 'ఒక్కడు' అన్న నిర్ణయం తల్లి శరీరాన్ని భారం నుంచి తప్పించలేదు. ఆ భారాన్ని ఆమె తెలిసి స్వీకరించింది.

4. ఒకటి చాలదన్న భయం: సోమకుడు

'ఒక కన్ను కన్నూ కాదు, ఒక కొడుకు కొడుకూ కాదు' అన్న తెలుగు సామెత వెనుక ఉన్న భయానికి ఇతిహాసరూపం సోమకుని కథ. నూరుగురు భార్యలున్న ఆ రాజుకు వార్ధక్యంలో జంతువనే ఒకే కొడుకు కలిగాడు. చీమ కుట్టి పిల్లవాడు ఏడిస్తే అంతఃపురమంతా గగ్గోలెత్తింది. ఒక్క కొడుకున్నవాని బతుకు నిత్యభయమేనని రాజు దుఃఖించాడు. ఉన్న కొడుకును హోమం చేస్తే, ఆ ధూమాన్ని ఆఘ్రాణించిన తల్లులకు నూరుగురు కలుగుతారని ఋత్విజుడు ఉపాయం చెప్పాడు. తల్లులు ఏడుస్తూ బిడ్డను వెనక్కి లాగారు. ఋత్విజుడు బలవంతంగా లాక్కుని యాగం పూర్తిచేశాడు. నూరుగురు కలిగారు. జంతువు తన తల్లికే తిరిగి పుట్టాడు. అయితే కథ అక్కడ ముగియదు. మరణానంతరం ఋత్విజుడు నరకంలో కాగుతూ కనిపిస్తాడు. అతనితోపాటు ఆ ఫలాన్ని తానూ అనుభవిస్తానని సోమకుడు పట్టుబడతాడు.

ఈ కథలో నిర్ణయం రాజుది, ఉపాయం నిపుణునిది, నిరాకరణ తల్లులది. ఆ నిరాకరణ వినబడింది కాని చెల్లలేదు. ఫలితం అనుకున్నట్టే వచ్చినా ఇతిహాసం ఋత్విజుని నిర్దోషిగా వదలలేదు. వైద్యుని ఋత్విజునితో పోల్చడం అన్యాయం. ప్రాణాన్ని నిలపడమే వైద్యుని పని. పోలిక వ్యక్తులలో లేదు, నిర్ణయం జరిగిన తీరులో ఉంది. ఫలసిద్ధి ఒక్కటే నిర్ణయానికి సమర్థన కాదని సోమకోపాఖ్యానం చెబుతోంది. 'సంతానసాఫల్య కేంద్రం' అన్న తెలుగు పేరులోనే ఫలం ఏకైక కొలమానంగా స్థిరపడింది. ఆ కొలమానంలో గర్భం నిలవడం లెక్కకు వస్తుంది. ఏడో నెలలో కాన్పయి శిశువులు వారాల తరబడి నవజాత శిశు సంరక్షణ విభాగంలో ఉండటం లెక్కకు రాదు.

5. గాంధారి భాండాలు: తలకిందులైన పోలిక

నూరుగురు కొడుకుల వరం పొందిన గాంధారి రెండేళ్లు గర్భం మోసింది. కుంతికి కొడుకు పుట్టాడన్న వార్త విని, భర్తకు తెలియకుండా కడుపుపై కొట్టుకుంది. ఇనుపగుండు వంటి మాంసపిండం బయటపడింది. వ్యాసుడు దానిని చన్నీటితో తడిపించి, నూటొక్క ఖండాలుగా నేతికుండలలో భద్రపరిపించాడు.

దీనిని ఐ.వి.ఎఫ్.కు పూర్వరూపమనేవారు ప్రక్రియ దిశను గమనించలేదు. ఐ.వి.ఎఫ్.లో పిండం ప్రయోగశాలలోని పాత్ర నుంచి గర్భాశయానికి వెళుతుంది. గాంధారి కథలో గర్భం నుంచి పాత్రకు వస్తుంది. సుమతి కథ కూడా ఇటువంటిదే. ఆమె గర్భం నుంచి వెలువడిన తుంబం పగిలి బయటపడిన అరవైవేలమందిని దాదులు నేతికుండలలో పెంచారు. సంఖ్య మానవపరిమితిని దాటిన ప్రతిచోటా ఇతిహాసకల్పన ఆ భారాన్ని తల్లి శరీరం నుంచి తొలగించి కుండలకు అప్పగించింది. నూరుగురిని ఒక గర్భం మోయగలదని కవి ఎక్కడా ఊహించలేదు. అద్భుతాలకు కొదవలేని కథాలోకం కూడా ఇక్కడ శరీరధర్మాన్ని గౌరవించింది.

ఆధునిక చికిత్సకు ఆ సౌకర్యం లేదు. ప్రయోగశాలలో పిండాలు ఎన్ని ఉన్నా, వాటిని మోయవలసింది ఒకే శరీరం. కుండల ఆధారంగా గాంధారి కథను సాంకేతికవిజయంగా చదివినప్పుడు కనుమరుగయ్యేది ఈ తల్లి శరీరమే. పోలిక నిజంగా నిలిచేది ఒక్కచోట. శీతలీకరణపాత్రలో భద్రపరచిన పిండాలు నేతికుండల వలె సంఖ్యాభారాన్ని గర్భం నుంచి తప్పించి కాలానికి అప్పగిస్తాయి. నేటి కుండ అటువంటి పాత్ర. సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం, 2021 పిండాలను పదేళ్ల వరకు భద్రపరచడానికి అనుమతిస్తోంది.

కథలోని మరొక ఘట్టం కూడా గమనార్హం. దుర్యోధనుడు పుట్టినప్పుడు దుశ్శకునాలు కనిపించగా, ఆ ఒక్కరిని విడిచి తొంభైతొమ్మిదిమందితో తృప్తిపడమని విదురుడు హితవు చెప్పాడు. పుత్రస్నేహం వల్ల ధృతరాష్ట్రుడు వినలేకపోయాడు. శకునాల ఆధారంగా చెప్పిన ఆ హితవుకు వైద్యంలో స్థానం లేదు. కాని ముందు సులువుగా తీసుకోగల నిర్ణయం తరువాత ఎంత దుర్భరమవుతుందో ఆ ఘట్టం చూపుతుంది. ముగ్గురు నిలిచిన గర్భంలో ఒకరిని తగ్గించవలసి వచ్చినప్పుడు దంపతులు అనుభవించే క్షోభ ఇటువంటిది. బదిలీనాడు సంఖ్య ఒక అంకె మాత్రమే. కొన్ని వారాల తరువాత ఆ అంకెకు గుండెచప్పుడు ఉంటుంది.

6. కుంతి: క్రమం, పరిమితి

గాంధారిది ఏకకాల బహుత్వం. కుంతిది క్రమానుగత ఏకత్వం. వివాహానంతరం ఆమె ఒక్కొక్క ఆవాహనకు ఒక్కొక్క కొడుకుగా ముగ్గురిని కన్నది. పాండురాజు ఇంకా కోరినప్పుడు నిరాకరించింది. మాద్రి తనకు లభించిన ఒకే ఒక్క అవకాశంతో అశ్వినులను పిలిచి కవలలను పొందింది. మాద్రి కోసం పాండురాజు మరోసారి అడిగితే, ఒక్కసారి చెబితే ఇద్దరిని పొంది తనను వంచించిందని కుంతి రెండవసారీ నిరాకరించింది.

ఈ నిరాకరణను ఆధునిక పునరుత్పత్తి హక్కుల భాషలోకి యథాతథంగా మార్చడం సరికాదు. మొదటి నిరాకరణకు కుంతి చెప్పిన కారణం స్త్రీధర్మ మర్యాద. రెండవదానికి సపత్నీమాత్సర్యం. శరీరక్లేశాన్ని ఆమె ఎక్కడా ప్రస్తావించలేదు. కన్యగా ఉన్నప్పుడు మంత్రాన్ని పరీక్షించి కర్ణుని కన్న అనుభవం ఆమె మాట వెనుక ఉందా అన్నది వ్యాఖ్యానానికే మిగులుతుంది. అయినా నిర్మాణదృష్ట్యా ఒక విషయం స్పష్టం. సంఖ్య ఎక్కడ ఆగాలో చెప్పినది మంత్రాన్నీ గర్భాన్నీ ధరించిన స్త్రీ. రాజు ఆ మాటను కాదనలేదు. సోమకుని భార్యలకు దక్కనిది కుంతికి దక్కింది.

మాద్రి పరిస్థితికి విమర్శకులు తగినంత సానుభూతి చూపలేదు. అవకాశం ఒక్కటే ఉన్నవారు దానినుంచి రెండు ఫలాలను ఆశించడం సహజం. నేటి సంఖ్యానిర్ణయంలోనూ ఇదే కీలకం.

7. మాద్రి ప్రశ్న: వ్యయం, చట్టం, వర్తమానం

భారతదేశంలో ఐ.వి.ఎఫ్. వ్యయాన్ని అధికశాతం దంపతులు సొంతంగా భరిస్తారు. అప్పుచేసి, పొలమో నగలో తాకట్టుపెట్టి ఒక్క విడత చికిత్సకు వచ్చినవారికి 'ఒకదాని తరువాత ఒకటి' అన్న సలహా అందని మాటగా వినిపిస్తుంది. 'కవలలైతే ఒకే ఖర్చుతో ఇద్దరు' అన్న ఆలోచన అత్యాశ వల్ల మాత్రమే పుట్టదు, చికిత్స ధర వల్ల కూడా పుడుతుంది. బెల్జియం అనుభవం దీనికి తార్కాణం. 2003లో ఆ దేశం ఆరు విడతల ప్రయోగశాల వ్యయాన్ని ప్రభుత్వమే భరిస్తూ, 36 ఏళ్లలోపు మహిళలకు తొలి విడతలో ఒకే పిండం అన్న నియమం పెట్టింది. అంటే మాద్రికి మరికొన్ని ఆవాహనలు హామీ ఇచ్చి, ఒక్కొక్కరిని కోరమన్నది. బ్రిటన్‌లోనూ 1990లలో నాలుగింట ఒక వంతుకు పైగా ఉన్న ఐ.వి.ఎఫ్. బహుళజననాలు, ఒకే పిండం విధానాన్ని ప్రోత్సహించిన తరువాత 2019 నాటికి 6 శాతానికి తగ్గాయి.

భారత వైద్య పరిశోధన మండలి 2005 మార్గదర్శకాలు అసాధారణ పరిస్థితులలో తప్ప మూడుకు మించి పిండాలను బదిలీ చేయరాదన్నాయి. 2022 నాటి సరోగసీ నియమాలు అద్దెగర్భంలో ఒకే పిండాన్ని, ప్రత్యేక పరిస్థితులలో మాత్రమే మూడింటి వరకు అనుమతించాయి. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మహిళ ఐ.వి.ఎఫ్. ద్వారా కవలలకు జన్మనిచ్చినప్పుడు పత్రికలు దానిని ప్రపంచ రికార్డుగా కీర్తించాయి. ఆ వార్తాభాషలో వయస్సు, శిశువుల సంఖ్య ప్రధానమయ్యాయి. మోసిన శరీరం నేపథ్యంలోకి జారింది. తరువాత వచ్చిన 2021 చట్టం ఈ చికిత్సకు స్త్రీల గరిష్ఠ వయస్సును 50 ఏళ్లుగా నిర్ణయించింది.

సంతానసంఖ్యపై రాజ్యం మాట కూడా స్థిరమైనది కాదు. ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసిన 1994 నాటి నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో రద్దుచేసింది. ఒకనాడు తక్కువ కనమన్న వ్యవస్థ నేడు ఎక్కువ కనమంటోంది. ఇటువంటి వాతావరణంలో చికిత్సాగదిలో వినిపించే 'ఎన్ని?' అన్న ప్రశ్నకు దంపతులిచ్చే జవాబులో ధర, సామెత, అత్తింటి మాట, రాజ్యవిధానం అన్నీ కలిసి పలుకుతాయి. ఆ పలుకుల మధ్య మోయబోయే స్త్రీ స్వరాన్ని విడిగా వినడం వైద్యనీతి బాధ్యత.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. ఇతిహాస సంతానకథలను సాంకేతికతకు సాక్ష్యంగా చదవడం వల్ల వాటిలోని సంఖ్యావిచారం మరుగునపడుతోంది. గాంధారి కథకూ ఐ.వి.ఎఫ్.కూ ప్రక్రియ దిశలోనే వైరుధ్యం ఉంది.

2. అసాధారణ సంఖ్యను ఇతిహాసం గర్భానికి కాక కుండలకు అప్పగించింది. బహుళ పిండబదిలీ ఆ భారాన్ని తిరిగి గర్భంపై మోపుతుంది. శీతలీకరణ, క్రమబదిలీ దానిని తగ్గిస్తాయి.

3. కేశిని, లోపాముద్ర, కుంతి కథలలో సంఖ్యానిర్ణయం స్త్రీది. సోమకుని కథలో అది రాజుదీ నిపుణునిదీ. ఫలం సిద్ధించినా ఆ నిర్ణయానికి ఇతిహాసం నరకాన్ని విధించడం గమనార్హం.

4. మాద్రి కథ అవకాశాల కొరతను చూపుతుంది. ఆ కొరతను తీర్చకుండా 'ఒకటి చాలు' అని బోధించడం, వరమిచ్చి వెళ్లిపోయే మహర్షికి తగుతుంది కాని ప్రజారోగ్య వ్యవస్థకు తగదు.

గాంధారికి లేనిది వరం కాదు, వ్యవధి. తోటికోడలికి బిడ్డ పుట్టిందన్న వార్తకూ తన నిర్ణయానికీ మధ్య ఆమెకు ఎవరూ సమయమివ్వలేదు. చికిత్సాగదిలో సంఖ్యను నిర్ణయించే ముందు దంపతులకు, ప్రత్యేకించి స్త్రీకి, పూర్తి సమాచారంతోపాటు దక్కవలసినది ఆ వ్యవధి. అది ఆమె సహనంపై మాత్రమే ఆధారపడితే చాలదు. రెండవ అవకాశం ఉందన్న హామీ వ్యవస్థ నుంచి రావాలి.